ఫరక్కా వద్ద గంగా జలాల పంపకం: పది రోజుల లెక్క, పైరు లెక్క

గంగా జలాల పంపకంపై భారత, బంగ్లాదేశ్ ప్రధానమంత్రులు దేవెగౌడ, షేక్ హసీనా 1996 డిసెంబరు 12న న్యూఢిల్లీలో సంతకాలు చేసిన ఒప్పందానికి గడువు ముప్పై సంవత్సరాలు. ఆ గడువు 2026 డిసెంబరులో తీరుతుంది. దానిని దౌత్యపత్రంగా కాక సాగునీటి పట్టికగా పరిశీలించడం వ్యవసాయ శాస్త్రజ్ఞులకు అవసరం.

పంపకం జనవరి 1 నుండి మే 31 వరకు, పది రోజుల సగటు ప్రవాహంపై జరుగుతుంది. ఫరక్కా వద్ద 70,000 క్యూసెక్కులు లేదా అంతకు తక్కువ ఉంటే చెరి సగం. 75,000 వరకు ఉంటే బంగ్లాదేశ్‌కు 35,000, మిగిలినది భారత్‌కు. అంతకు మించితే భారత్‌కు 40,000, మిగిలినది బంగ్లాదేశ్‌కు. ఈ 40,000 ఫీడర్ కాలువ సామర్థ్యమే. హుగ్లీలో పూడికను నెట్టివేసి కలకత్తా రేవును కాపాడడం దాని ఉద్దేశం. దిగువన అదే నీరు వరికి ఆధారం, సముద్రపు ఉప్పుకు అడ్డుకట్ట.

చిక్కు మార్చి 11 – మే 10 మధ్య ఉన్నది. అప్పుడు ఒక పది రోజులు ఒక దేశానికి, తరువాతి పది రోజులు మరొక దేశానికి 35,000 క్యూసెక్కుల హామీ. 1949–88 సగటు ప్రకారం ఏప్రిల్ 11–20 మధ్య లభ్యత 62,633 క్యూసెక్కులు. అది భారత్ వంతు గనుక బంగ్లాదేశ్‌కు 27,633 మిగులుతాయి. మనకు పరిచితమైన కొలతలో చెప్పాలంటే, పది రోజులకు భారత్‌కు సుమారు 30 టీఎంసీలు, బంగ్లాదేశ్‌కు సుమారు 24. నిజ ప్రవాహం 50,000కు దిగితే రెండవ వాటా 13 టీఎంసీలే.

బోరో వరిలో అధిక భాగం ఈ రోజుల్లోనే పొట్టదశ, పూతదశలలో ఉంటుంది. వరి పూతదశలో నీటి ఎద్దడికీ, ఉప్పుకూ తట్టుకోలేదు; తాలు గింజలు పెరుగుతాయి. వంతుల పట్టికకు ఈ సంగతి పట్టలేదు. భేరామారా వద్ద పంపులతో నీరెత్తే గంగా–కొబదక్ పథకానికి వాటా అంకె కన్నా నదీమట్టమే ముఖ్యం.

ప్రవాహం 50,000 క్యూసెక్కులకు తగ్గితే రెండు ప్రభుత్వాలూ వెంటనే సంప్రదించుకోవాలన్నదే నిబంధన. ఎంత నీరు వదలాలో అందులో లేదు. 1977 ఒప్పందంలో బంగ్లాదేశ్‌కు పట్టికలోని వాటాలో 80 శాతం హామీ ఉండేది. 1996లో దానిని వదిలి వంతుల హామీ తెచ్చారు. ఎగువ రాష్ట్రాల వాడకం పెరిగితే ఫరక్కాకు చేరే నీరే తగ్గుతుంది. నలభై ఏళ్ల సగటును కాపాడేందుకు ఎగువ దేశం సర్వప్రయత్నాలూ చేస్తుందన్న మాట ఉన్నా, కొలతలు మాత్రం ఫరక్కా దగ్గర, దిగువన హార్డింజ్ వంతెన దగ్గర జరుగుతాయి. కాన్పూరు, పాట్నాల వద్ద తోడిన నీరు ఆ పట్టికలో కనిపించదు. కొత్త పట్టిక వేసేటప్పుడు ఏప్రిల్ వంతులను ఐదేసి రోజులకు కుదించే అవకాశాన్ని సాగునీటి నిపుణులు పరిశీలించవచ్చు. మొత్తం వాటా మారదు, పూతకు ఎద్దడి కాలం సగమవుతుంది.