అమెరికా ప్రభుత్వ భూముల్లో టెంట్: ఎక్కడ రుసుము, ఎక్కడ ఉచితం

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లోని అడవులు, ఎడారులు చాలావరకు సమాఖ్య ప్రభుత్వం చేతిలోనే ఉన్నప్పటికీ, ఆ భూముల్లో ఒక రాత్రి టెంట్ వేసుకున్న కుటుంబం ఎంత చెల్లించాలన్నది అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఒకచోట 36 డాలర్లు కట్టవలసివస్తే, అదే కొండకు అవతలి వాలులో పైసా కట్టనక్కరలేకపోవచ్చు. ఈ తేడాకు కారణం ప్రకృతి అందం కాదు, భూమిని చూసే సంస్థ ఏది, అక్కడ కల్పించిన సౌకర్యాలు ఎన్ని అన్నవే. రుసుములకు మూలాధారం 2004లో అమెరికా కాంగ్రెస్ ఆమోదించి, ఆ తర్వాత పలుమార్లు గడువు పొడిగించిన ఫెడరల్ ల్యాండ్స్ రిక్రియేషన్ ఎన్‌హాన్స్‌మెంట్ యాక్ట్. నేషనల్ పార్క్ సర్వీస్, ఫారెస్ట్ సర్వీస్, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్, బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ అనే ఐదు సంస్థలకు వర్తించే ఈ చట్టం ప్రకారం, వసూలైన సొమ్ములో సాధారణంగా కనీసం 80 శాతం వసూలైన చోటే ఖర్చుపెట్టడానికి అందుబాటులో ఉండాలి.

తెలుగువారిలో చాలామంది నేషనల్ పార్కునూ నేషనల్ ఫారెస్టునూ ఒకే గాటన కట్టి మాట్లాడుతుంటారు గానీ చట్టం దృష్టిలో అవి రెండూ వేర్వేరు. ప్రవేశ రుసుము, అంటే గేటు దాటడానికే చెల్లించే డబ్బు, వసూలు చేసే అధికారం ఈ ఐదింటిలో నేషనల్ పార్క్ సర్వీస్‌కూ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్‌కూ మాత్రమే ఉంది. నేషనల్ ఫారెస్టులోకి అడుగుపెట్టినందుకు ఫారెస్ట్ సర్వీస్ డబ్బు అడగడానికి వీల్లేదు. అయితే క్యాంప్‌గ్రౌండ్ వాడుకున్నందుకు తీసుకునే రుసుము దీనికి భిన్నమైనది. దానిని చట్టం విస్తృత సౌకర్యాల రుసుము అంటుంది.

సామాన్యుడు గుర్తుపెట్టుకోవలసిన అసలు నియమం ఇక్కడే ఉంది. ఫారెస్ట్ సర్వీస్, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ తమ క్యాంప్‌గ్రౌండ్‌లో ఈ రుసుము తీసుకోవాలంటే చట్టం పేర్కొన్న తొమ్మిది సౌకర్యాల్లో సగానికి మించి, అంటే కనీసం ఐదు, అక్కడ ఉండితీరాలి. టెంట్ లేదా ట్రైలర్ నిలుపుకునే స్థలం, భోజనానికి బల్ల, తాగునీరు, లోపలికి వెళ్లే దారి, రుసుము వసూలుచేసే ఉద్యోగి లేదా ప్రతినిధి, సందర్శకులకు తగిన రక్షణ, చెత్తడబ్బా, మరుగుదొడ్డి, చలిమంటను అదుపులో ఉంచే ఇనుప రింగు వంటి చిన్న ఏర్పాటు అనేవే ఆ తొమ్మిది. దారి ఉండి, టెంట్‌కు చదునుచేసిన చోటు ఉండి, ఒక బల్లా ఒక ఇనుప రింగూ మాత్రమే కనిపిస్తే లెక్క నాలుగు దగ్గరే ఆగిపోతుంది. పక్కన మరుగుదొడ్డి కూడా ఉంటే అయిదు అవుతుంది. తాగునీరు లేని చోట కూడా రుసుము చట్టబద్ధం కావచ్చునన్నది ఈ లెక్కలోని మెలిక. నీళ్లు లేవు కాబట్టి డబ్బు కట్టనక్కరలేదని వాదించేవారు ముందు మిగతా ఎనిమిదింటినీ ఒకసారి లెక్కపెట్టుకోవడం మంచిది.

అసలు వసూలు చేయకూడని సందర్భాలను కూడా చట్టం విడిగా చెప్పింది. కేవలం కారు ఆపినందుకు, సౌకర్యాలేవీ వాడుకోకుండా నడిచివెళ్లినందుకు, దారి పక్కన ఆగి దృశ్యం చూసినందుకు, పైన చెప్పిన కనీస సౌకర్యాలు లేని చోట టెంట్ వేసుకున్నందుకు రుసుము విధించరాదు. ఆరిజోనాలోని టూసన్ నగరం పక్కనున్న మౌంట్ లెమ్మన్ మీద ఫారెస్ట్ సర్వీస్ ఇలాంటి రుసుమే వసూలు చేయగా, కొందరు పౌరులు న్యాయస్థానానికి వెళ్లారు. తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం 2012లో వారి పక్షానే నిలిచి, కారు ఆపి సౌకర్యాలేవీ వాడకుండా అడవిలోకి నడిచేవారి నుంచి డబ్బు తీసుకునే అధికారం సంస్థకు లేదని తేల్చింది. ఈ విజయానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. నేషనల్ ఫారెస్టుల్లోని చాలా క్యాంప్‌గ్రౌండ్‌లను ఫారెస్ట్ సర్వీస్ ప్రైవేటు నిర్వాహకులకు పర్మిట్ మీద అప్పగిస్తుంది, 2004 చట్టంలోని ఈ నిషేధాలు అటువంటి నిర్వాహకులను కట్టడి చేయవని వాషింగ్టన్ డీసీలోని సమాఖ్య జిల్లా న్యాయస్థానం 2014లో తీర్పు చెప్పింది. సొంతదారుడికి వర్తించే నియమం అతని కౌలుదారుకు వర్తించదన్న ఈ వ్యాఖ్యానం సామాన్యుడికి వింతగానే తోస్తుంది. అయినా వాదనకు దిగేముందు బోర్డు మీద ఎవరి పేరు ఉందో చూసుకోక తప్పదు.

నేషనల్ పార్కుల సంగతి మరొక తీరు. తొమ్మిది సౌకర్యాల లెక్క వాటిని బంధించదు. పైగా, సాధారణంగా కారులో వచ్చినవారు గుర్తించిన సైట్లలో మాత్రమే టెంట్ వేయాలి, నడిచి లోపలికి వెళ్లేవారు విడిగా పర్మిట్ తీసుకోవాలి. కాలిఫోర్నియాలోని యోసెమిటీలో అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండ్ సైటు ధర రాత్రికి 36 డాలర్లుగా నడుస్తోంది, ఒక సైటులో ఆరుగురి వరకు ఉండవచ్చు. కాబట్టి రెండు చిన్న కుటుంబాలు ఒకే సైటు తీసుకుంటే తలకు ఆరు డాలర్లే పడుతుంది. అదే లోయలో పర్వతారోహకులకు పేరుపొందిన క్యాంప్ ఫోర్‌లో మనిషికి 10 డాలర్లు, అంటే ఒంటరిగా వచ్చినవాడికి అది చవక, ఆరుగురి బృందానికి ఖరీదు. తక్కువ అంకె కనిపించిన చోటల్లా తక్కువ ఖర్చే అవుతుందనుకోవడం పొరపాటు.

భారతదేశం నుంచి తల్లిదండ్రులను రప్పించుకునే కుటుంబాలు పాస్‌ల విషయంలోనే ఎక్కువగా తడబడతాయి. 80 డాలర్ల వార్షిక పాస్ ప్రవేశ రుసుము వంటివాటిని తీరుస్తుంది గానీ టెంట్ రుసుమును తీర్చదు. టెంట్ రుసుములో చాలాచోట్ల సగం తగ్గింపు ఇచ్చేది 62 ఏళ్లు నిండినవారికిచ్చే సీనియర్ పాస్. జీవితాంతం చెల్లేదానికి 80 డాలర్లు, ఏడాదికైతే 20 డాలర్లు. శాశ్వత వైకల్యం ఉన్నవారికి ఇచ్చే యాక్సెస్ పాస్ ఉచితం, దానికీ ఇదే తగ్గింపు ఉంది. కానీ ఈ రెండూ అమెరికా పౌరులకూ, గ్రీన్‌కార్డు అనే శాశ్వత నివాసపత్రం ఉన్నవారికీ మాత్రమే ఇస్తారు. కాబట్టి గ్రీన్‌కార్డు మీద ఉంటున్న అమ్మమ్మకు హక్కుగా దొరికే సగం ధర, సందర్శక వీసా మీద ఆరునెలలకు వచ్చిన తాతయ్యకు ఎంత వయసున్నా దొరకదు. 2026 జనవరి 1 నుంచి ఈ తేడా ఇంకా పెరిగింది. అమెరికా నివాసులు కానివారికి వార్షిక పాస్ 250 డాలర్లయింది, ఆ పాస్ లేకుండా గ్రాండ్ కేనియన్, యెల్లోస్టోన్, యోసెమిటీ, జయాన్ వంటి 11 పార్కులకు వచ్చేవారు మామూలు ప్రవేశ రుసుముకు తోడు తలకు 100 డాలర్లు అదనంగా చెల్లించాలి. ఒకే కారులో నివాసులూ సందర్శకులూ కలిసి వెళ్లేటప్పుడు లెక్క ఎలా వేస్తారో బయలుదేరే ముందే ఆ పార్కును అడిగి తెలుసుకోవడం అవసరం.

బుకింగ్ చాలావరకు రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారానే జరుగుతుంది, రద్దుచేసుకుంటే 10 డాలర్లు పోతాయి. చేరవలసిన రోజున గానీ దానికి ముందురోజున గానీ రద్దుచేసుకుంటే ఆ పదితోపాటు మొదటి రాత్రి రుసుమూ తిరిగిరాదు, రద్దు చేయకుండా అసలు వెళ్లకపోతే ఆ పది 20 అవుతుంది. కార్చిచ్చు, వరద వంటి కారణాలతో అధికారులే క్యాంప్‌గ్రౌండ్ మూసివేస్తే మాత్రం చెల్లించినదంతా వెనక్కి వస్తుంది, కనుక మూసివేత ప్రకటన రావచ్చునని తెలిసినప్పుడు తొందరపడి తామే రద్దుచేసుకున్నవారు తమ డబ్బును తామే వదులుకున్నట్టు. ఇదే వెబ్‌సైటు నెవాడాలోని రెడ్ రాక్ కేనియన్ ప్రవేశ సమయం బుకింగ్‌కు రెండు డాలర్ల ప్రాసెసింగ్ చార్జీ వేయగా ఒక పౌరుడు దావా వేశాడు. పేరు ఏదైనా అది రుసుమే, ప్రజలకు ముందుగా తెలియజేసి అభిప్రాయం చెప్పే అవకాశం ఇవ్వకుండా దానిని విధించరాదు అని సమాఖ్య జిల్లా న్యాయస్థానం 2022లో స్పష్టం చేసింది. రెండు డాలర్ల కోసం కోర్టుకెక్కడం చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, కొత్త రుసుము ప్రతిపాదించినప్పుడు అభ్యంతరం తెలిపే హక్కు ప్రతి సందర్శకుడికీ ఉందన్న సంగతిని ఈ తీర్పు గుర్తుచేస్తుంది.

ఖర్చు లేని మార్గం డిస్పర్స్‌డ్ క్యాంపింగ్. క్యాంప్‌గ్రౌండ్‌కు బయట, ఏ సౌకర్యమూ లేని చోట, అనుమతి ఉన్న నేషనల్ ఫారెస్టులోనో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ భూమిలోనో టెంట్ వేసుకోవడమే దీని అర్థం. సాధారణంగా ఒకచోట 14 రోజులకు మించి ఉండకూడదు. ఎక్కడికి బండి వెళ్లవచ్చో చూపే మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్‌ను ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగా ఇస్తుంది. అందులో లేని బాటలోకి కారు తోలితే అది తప్పవుతుంది. వాగుకూ చెరువుకూ 200 అడుగుల దూరం పాటించాలి, మలవిసర్జనకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గుంత తవ్వి పూడ్చాలి, చెత్తంతా వెంట తీసుకుపోవాలి, తాగునీరు ఇంటినుంచే మోసుకురావాలి. ఎలుగుబంట్లున్న అడవుల్లో పులిహోర డబ్బా, ఆవకాయ సీసా మాత్రమే కాదు, టూత్‌పేస్టు కూడా టెంట్‌లో ఉంచకూడదు. వాసన వచ్చేదేదైనా ఎలుగుకు ఆహారమే. కాలిఫోర్నియా ఫారెస్టుల్లో గ్యాస్ స్టవ్ వెలిగించడానికీ క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉండాలి, అది ఉచితం.

తెలుగు కుటుంబాలు దండిగా ఉన్న టెక్సాస్‌లో సమాఖ్య భూమి తక్కువ కాబట్టి ఈ సౌలభ్యమూ తక్కువే. హ్యూస్టన్‌కు ఉత్తరాన ఉన్న శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్టులో ఉచితంగా టెంట్ వేసుకోవచ్చు గానీ జింకల వేట కాలంలో నిర్ణీత క్యాంపులకే పరిమితం కావాలి. డల్లాస్ వైపువారికి లూయిస్‌విల్ సరస్సు వంటిచోట్ల ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ నడిపే క్యాంప్‌గ్రౌండ్‌లు ఉన్నాయి, వాటిలో సీనియర్ పాస్ చెల్లుతుంది. నగర పార్కుల్లో మాత్రం టెంట్ ఆలోచన వద్దు. బహిరంగ స్థలాల్లో పడకను నిషేధించి జరిమానా వేసే అధికారం నగరాలకు ఉందని గ్రాంట్స్ పాస్ అనే నగరం కేసులో సుప్రీంకోర్టు 2024 జూన్ 28న తేల్చింది. టెక్సాస్ రహదారి విశ్రాంతి స్థలాల్లో 24 గంటల వరకు బండి ఆపి అందులో నిద్రపోవచ్చు, టెంట్ మాత్రం వేయరాదు.

బుకింగ్ అవసరం లేని చిన్న క్యాంప్‌గ్రౌండ్‌లలో రుసుము తీసుకునేది మనిషి కాదు, ఐరన్ రేంజర్ అని పిలిచే ఇనుపగొట్టం. పక్కనున్న పెట్టెలోంచి కవరు తీసి, దాని మీద సైటు నంబరు, కారు నంబరు, ఎన్ని రాత్రులో రాసి, సరిపడా నోట్లు పెట్టి, అంచు చీటీని చించుకుని, కవరును గొట్టంలో వేస్తారు. చీటీని సైటు దగ్గరి కర్రకుండే క్లిప్పుకు గుచ్చాలి. చిల్లర ఇచ్చేవారు ఉండరు గనుక ఒకటి, ఐదు డాలర్ల నోట్లు దగ్గర ఉంచుకోవాలి. చీటీ కనిపించేలా పెట్టాలని కోరిన చోట అది లేకపోతే రుసుము చెల్లించలేదనడానికి ప్రాథమిక సాక్ష్యంగా చట్టమే పరిగణిస్తుంది. మొదటిసారి రుసుము ఎగవేతకు జరిమానా 100 డాలర్లకు మించరాదు, రేంజర్ ఇచ్చిన వయొలేషన్ నోటీసులోని మొత్తాన్ని కట్టేయవచ్చు, లేదా మేజిస్ట్రేట్ జడ్జి ముందు హాజరై వాదించుకోవచ్చు. పౌరసత్వానికి నింపే ఎన్-400 ఫారంలో ఎప్పుడైనా అధికారులు మీకు సైటేషన్ (ఇటువంటి ఉల్లంఘన నోటీసు) ఇచ్చారా అన్న ప్రశ్న కూడా ఉంటుంది కాబట్టి, వలస ప్రక్రియలో ఉన్నవారు కవరు నుంచి చించిన ఆ చీటీని, నోటీసు వస్తే దానికి డబ్బు కట్టిన రసీదునూ పాస్‌పోర్టు ఫైలులోనే దాచుకోవాలి.