పాత ట్రాక్టర్ వేడెక్కుతోందా? ముందు జాలీ చూడండి

నూర్పిళ్లలోనో దమ్ములోనో పాత ట్రాక్టర్ ఆవిరి కక్కగానే 'ఇంజన్ పోయింది, హెడ్ విప్పాల్సిందే' అనేవాళ్లు చుట్టూ చేరతారు. తొందరపడొద్దు. హెడ్ విప్పితే వేలల్లో ఖర్చు. చాలాసార్లు తప్పు బయటే ఉంటుంది.

నీళ్లు కారిపోతుంటే ఇంజన్ వెంటనే ఆపేయండి. లేదంటే రెండు మూడు నిమిషాలు స్లోలో తిరగనిచ్చి ఆపండి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. కాగిన ఇంజన్లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగలొచ్చు.

చల్లారాక రేడియేటర్ జాలీ చూడండి. పొట్టు, దుమ్ము రెక్కల మధ్య పేరుకుంటే గాలి ఆడదు. ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టి కడగాలి. ఊచతో గీకారో, గొట్టాలకు చిల్లులు పడతాయి! ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కితే అర అంగుళం వరకు దిగొచ్చు, అంతకు మించితే బిగించాలి.

ఇవన్నీ బాగున్నా ముల్లు పైకే పోతోందా? ఇంజన్ ఆపి గొట్టాలు తాకి చూడండి. పై గొట్టం వేడెక్కకపోతే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు. దాన్ని తీసి మరిగే నీళ్లలో వేలాడదీస్తే తెరుచుకోవాలి, లేకుంటే మార్చాలి. కొందరు దాన్ని పీకేసి నడుపుతారు. అలా చేస్తే ఇంజన్‌కు తగిన వేడి అందక డీజిల్ ఎక్కువ తాగుతుంది. పై గొట్టం కాలుతూ కింది గొట్టం చల్లగా ఉంటే రేడియేటర్ లోపల పూడినట్టే. బోరు ఉప్పునీళ్లు పోసేవారికి ఈ బాధ ఎక్కువ.

బయట కారకుండానే నీళ్లు తగ్గుతూ, ఇంజనాయిలు పాలలా తెల్లబడితే మాత్రం హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఇక బండి స్టార్టు చేయొద్దు, మెకానిక్‌నే పొలానికి పిలిపించండి.