కలిసి ఆలోచించడం నేర్పే పోటీలు



బడిలో ప్రాజెక్టు ఇచ్చారంటే మన ఇళ్ళలో ఏం జరుగుతుంది? బిడ్డ నిద్రపోతుంది. తల్లి అట్టముక్కలు కత్తిరిస్తుంది, తండ్రి రంగులు వేస్తాడు. మరునాడు మెప్పు బిడ్డకు దక్కుతుంది. కాని ఆ రాత్రి నేర్చుకున్నది ఎవరు? ఈ ప్రశ్నతోనే నేటి పాఠం మొదలుపెడదాం.

పరీక్షలో పక్కవాడిని అడిగితే తప్పు. జీవితంలో అడగకపోతే తప్పు. ఇంట్లో, ఉద్యోగంలో, విచారణ సంఘంలో ఏ పనీ ఒక్కరి వల్ల కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990వ దశకంలో పిల్లలకు అవసరమైన పది జీవన నైపుణ్యాలను పేర్కొంది. నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించడం, సృజనాత్మకంగా ఆలోచించడం, మంచిచెడ్డలు విమర్శించి చూడటం, చక్కగా మాట్లాడటం, ఇతరులతో మెలగడం, తన్ను తాను తెలుసుకోవడం, ఎదుటివారి బాధ గ్రహించడం, ఆవేశాన్ని అదుపు చేసుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం. వీటిలో ఏ ఒక్కటీ బట్టీపడితే వచ్చేది కాదు. నలుగురితో కలిసి పనిచేస్తేనే వస్తుంది.

అందుకే జట్టు పోటీలు పుట్టాయి. 1978లో అమెరికాలోని న్యూజెర్సీలో శామ్ మిక్లస్ అనే ఆచార్యుడు 'ఒడిస్సీ ఆఫ్ ది మైండ్' అనే పోటీని ప్రారంభించాడు. ఏడుగురికి మించని జట్టు ఒక సమస్యకు తన సొంత పరిష్కారం చూపాలి. అందులో ఒక గట్టి నియమం ఉంది: పెద్దలు ఆలోచన చెప్పకూడదు, చేయి వేయకూడదు. మన దేశంలో 1993 నుండి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ జరుగుతోంది. 10 నుండి 17 ఏళ్ళ పిల్లలు మార్గదర్శి సహాయంతో తమ ఊరి సమస్యను పరిశీలించి, నివేదిక రాసి, జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల్లో వివరిస్తారు.

ఇందుకు ప్రయోగశాలే కావాలా? అక్కరలేదు. హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్‌నే తీసుకోండి. ఐదుగురు పిల్లల జట్టుకు ఈ సమస్య ఇచ్చామనుకుందాం: "మూసీ మళ్ళీ పొంగితే మన వీధిలో ఎవరిని ముందుగా కదిలించాలి? ఎలా?"

మొదట సమాచారం కావాలి. 1891లో స్థాపించబడి, 1936లో ఇప్పటి భవనంలోకి వచ్చిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అక్కడే ఉంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరద గురించి ఒకరు చదివి రావచ్చు. ఆనాడు సుమారు 150 మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకొనే చింతచెట్టు గురించి మరొకరు ఉస్మానియా ఆసుపత్రి పరిసరాల్లోని పెద్దలను అడగవచ్చు. ఆ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మరి 2020 అక్టోబరు వర్షాలకు నగరంలో కాలనీలు ఎందుకు మునిగాయి? ఇక్కడ పిల్లల మధ్య వాదన మొదలవుతుంది. అసలు చదువు అదే.

"నాలాలు పూడిపోయాయి" అని ఒకడంటాడు. "ఎలా తెలుసు? చూశావా?" అని మరొకతె నిలదీస్తుంది. ఆధారం అడగడం, ఆధారం దొరికితే తన మాట మార్చుకోవడం, ఇదే ఆధునిక ఆలోచన. తరగతిలో నోరు విప్పని పిల్ల, "మా నాయనమ్మ మెట్లు దిగలేదు, ఆమెను ఎవరు తీసుకువెళతారు?" అని అడిగితే జట్టు ప్రణాళికంతా మారిపోవచ్చు. ఆ రోజు ఆమె మాటకు విలువ వచ్చింది. ఏ ర్యాంకూ ఇవ్వలేని ధైర్యం అది.

అయితే పోటీ రెండంచుల కత్తి. చురుకైన ఒక్కడే అంతా చేసి, మిగిలినవారు చప్పట్లు కొడితే అది జట్టు కాదు. అందుచేత పనులు వంతులవారీగా మార్చాలి. న్యాయనిర్ణేత ఎవరిని అడిగినా జవాబు చెప్పగలగాలి. ఖర్చుకు హద్దు పెట్టాలి. లేకుంటే డబ్బున్నవారి అట్టబొమ్మే గెలుస్తుంది. ఓడిన జట్టును కూర్చోబెట్టి, "మళ్ళీ చేస్తే ఏమి మారుస్తారు?" అని అడగాలి. ఆ జవాబులోనే వారి గెలుపు ఉంది.

ఈ వారం మీరు చేయవలసినవి

1. విచారణలోని పిల్లలను ఐదుగురేసి జట్లుగా చేయండి. వేర్వేరు బడులవారు, వేర్వేరు వయసులవారు, ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి ఉండాలి.

2. మీ వీధిలో నిజంగా ఉన్న ఒక సమస్య ఇవ్వండి. రెండు వారాల గడువు, పాత కాగితాలు, అట్టలు చాలు.

3. ఇంట్లో బిడ్డ సలహా అడిగితే జవాబు చెప్పకండి. "నీ జట్టువాళ్ళు ఏమన్నారు?" అని అడగండి.

ఈసారి వంకరగా అతికిన అట్టముక్కను చూసి చేయి చాచబోతారు. ఆగండి. అది వంకరగానే ఉండనివ్వండి. దానిని సరిచేయడం ఎలాగో ఆ ఐదుగురూ మాట్లాడుకుంటున్నారు.