క్రిమి చేతిలోని కత్తెర



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపుల నుంచి వచ్చే షుగరు రోగుల కాలిపుండ్లకు కట్టు మార్చేటప్పుడు మేము తరచు వినే మాట ఒకటుంది. "సిస్టర్, పోయినసారి ఇదే మాత్రతో తగ్గిందే, ఇప్పుడెందుకు తగ్గలేదు?"

జవాబు క్రిమి చుట్టూ ఉండే గోడ దగ్గర మొదలౌతుంది. ధర్మవరం నేతవారికి ఇది వెంటనే అర్థమౌతుంది. చాలా బాక్టీరియాల చుట్టూ పడుగు పేకలతో నేసిన సంచి వంటి గోడ ఉంటుంది. క్రిమి పెరగాలంటే ఆ సంచిలో కొన్ని పోగులు కత్తిరించి, సందులో కొత్త పోగులు పెట్టి అతకాలి. కత్తిరించేదీ ఎంజైమే, అతికేదీ ఎంజైమే. పెన్సిలిన్ అతికే ఎంజైమును పట్టుకుని పని ఆపుతుంది. గోడ బలహీనపడి క్రిమి పగిలిపోతుంది. కాని కొన్ని క్రిములు పెన్సిలిన్‌నే విరగగొట్టే మరొక ఎంజైమును తయారుచేసుకుంటాయి. శాస్త్రవేత్తలు దీనిని 1940లోనే, ఆ మందు జనానికి అందక ముందే గుర్తించారు. మందు వేసినప్పుడు మిగతావి చచ్చి, ఇటువంటివి మిగిలి పెరుగుతాయి. (హిజ్కియా రాజు పుండుకు అంజూరపు ముద్ద సరిపోయింది. మా దగ్గరికి వచ్చే పుండ్లు అంత సులువుగా వినవు.)

మరి కత్తెరనే ఆపితే? హైదరాబాదు సి.సి.ఎం.బి.లో డాక్టర్ మంజులా రెడ్డి గారి బృందం ఈ.కోలై క్రిమిలో ఇటువంటి కత్తెరలు మూడు ఉన్నాయని 2012లో ప్రకటించింది. ఒక్కటి ఉన్నా క్రిమి బతుకుతుంది, మూడూ లేకపోతే పెరగలేక చస్తుంది. మూత్రపు ఇన్ఫెక్షన్లు ఎక్కువగా ఈ క్రిమి వల్లనే వస్తాయి గనుక ఇది మనకు దూరపు సంగతి కాదు. ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమతి ఇచ్చారు.

ముల్లును ముల్లుతో తీసే దారి మరొకటి. 1964లో అమెరికాలో లైసోస్టాఫిన్ అనే ఎంజైమును కనుగొన్నారు. ఒక రకం స్టాఫిలోకాకస్ క్రిమి దానిని తయారుచేసి, చీముగడ్డలు పుట్టించే తన దాయాది స్టాఫిలోకాకస్ ఆరియస్ గోడను తెంపుతుంది. మెథిసిలిన్‌కు లొంగని రకాన్ని కూడ వదలదు. అయితే ఎంజైము ప్రోటీను. మింగితే గుడ్డు, పప్పు మాదిరి అరిగిపోతుంది. సూదిమందుగా ఇస్తే శరీరం ఎదురు తిరగవచ్చు. అందుచేత మెడికల్ షాపులో దీనిని అడగవద్దు, దొరకదు.

ఇప్పటికి మన చేతిలో ఉన్నది చీము కల్చర్ పరీక్ష. ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో అది చెబుతుంది. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఆలోగా డాక్టరుగారు ఒక మందు మొదలుపెట్టి, రిపోర్టు చూసి అవసరమైతే మారుస్తారు. "ఊరికే పడుకోబెట్టారు" అని అలిగి రెండోనాడే బస్సెక్కేవారున్నారు. ఉండండి. వచ్చేటప్పుడు, ఇంటి దగ్గర వాడిన మాత్రల ఖాళీ అట్టలు కూడ పారవేయక సంచిలో వేసుకొని రండి.