లావా నేలపై పచ్చదనం

మహబూబ్‌నగర్ నుండి పడమటగా కొడంగల్ వైపు ప్రయాణించే వారికి నేల రంగు మారడం కనిపిస్తుంది. ఎర్రని చెలకలు వెనుకబడి నల్లరేగడి భూములు ఎదురవుతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలలో అధికభాగం గ్రానైటు నేల. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన కొడంగల్ ప్రాంతంలో మాత్రం లావా గడ్డకట్టిన నల్లరాయి కలదు. దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం భూమి బీటల నుండి వెలువడిన లావా దక్కను పీఠభూమిని కప్పివేసింది. నేటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర అది నిలిచి ఉన్నది.

అంతటి అగ్ని ప్రవహించిన చోట మొక్క తిరిగి ఎట్లా మొలిచింది?

లావా ఒక్కసారిగా రాలేదు. ఒక ప్రవాహానికీ మరొక ప్రవాహానికీ నడుమ దీర్ఘమైన విరామాలు ఉండేవి. చల్లారిన రాతి పల్లాలలో నీరు నిలిచి సరస్సులు ఏర్పడ్డాయి. రాజమండ్రి సమీపాన కాతేరు వద్ద రెండు లావా పొరల మధ్యనున్న నిక్షేపాలలో కారా జాతి నీటి మొక్కల శిలాజాలు లభించాయి. వికారాబాద్ సమీపాన నస్కల్‌లో అటువంటి పొరలోనే దొరికిన చిన్న క్షీరదపు దంతాలను 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని లోకానికి తెలియజేశారు. విరామం లభించినంతనే జీవం తిరిగి వచ్చినదనడానికి ఇవే సాక్ష్యాలు.

ఆ పునరాగమనం ఏ క్రమంలో జరుగుతుందో ఇటీవలి విస్ఫోటనాలు చూపుతున్నాయి. 1883లో ఇండోనేషియాలోని క్రకటోవా దీవి బూడిదపాలైంది. 1886లో అక్కడికి వెళ్లిన డచ్చి శాస్త్రజ్ఞుడు ట్రోబ్ బూడిదపై నీలి ఆకుపచ్చ నాచు పలుచని పొరను, దానిపై ఫెర్న్ మొక్కలను చూశాడు. అమెరికాలోని సెయింట్ హెలెన్స్ పర్వతం 1980లో పేలిన తరువాత ఆ బూడిదలో మొదట స్థిరపడిన మొక్కలలో లూపిన్ ముఖ్యమైనది. బూడిదలో నత్రజని మిక్కిలి తక్కువ. లూపిన్ వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలి నుండి నత్రజనిని గ్రహించి మొక్కకు అందిస్తాయి. మొక్క రాలి కుళ్లినప్పుడు అది నేలకు చేరి, తరువాత వచ్చే మొక్కలకు ఆధారమవుతుంది.

మన కంది కూడా ఆ చిక్కుడు కుటుంబానికి చెందినదే. రేగడిలో రైతు జొన్నతో పాటు కందిని విత్తడంలో ఈ ప్రకృతి సూత్రమే దాగి ఉన్నది.

విద్యార్థులారా! రాయి మట్టిగా మారడానికి యుగాలు పట్టింది. గట్టు లేని చేనులో ఒక్క జడివానకు ఆ మట్టి కొట్టుకుపోగలదు. వేసవిలో చెరువు మట్టిని బండ్లతో తిరిగి చేలకు తోలిన మన పెద్దలు దాని విలువను ఎరిగినవారు. ఆ ఎరుకను కాపాడుకొనడం మన బాధ్యత.