సరమ అడిగిన ప్రశ్న

మహాభారతం ఆరంభంలో ఒక కుక్క కనిపిస్తుంది. కథ ముగియవస్తుండగా మరొక కుక్క కనిపిస్తుంది. ఆదిపర్వంలో జనమేజయ మహారాజు యాగం చేస్తున్నప్పుడు, దేవలోకపు శునకమైన సరమ కుమారుడు సారమేయుడు అక్కడికి వెళ్తాడు. రాజు తమ్ములు అతనిని కొట్టి తరుముతారు. అతడు ఏడుస్తూ పోయి తల్లికి చెప్పుకొంటాడు. సరమ రాజును సమీపించి, ఏ తప్పూ చేయని తన బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. తగని పని చేసినవారికి అనుకోని భయాలు కలుగుతాయని హెచ్చరించి వెళ్లిపోతుంది.

నేడు కుక్కను పెంచుకొనే ప్రతివారూ ఏదో ఒకనాడు సరమ స్థానంలో నిలబడవలసి వస్తుంది. ఉదయం కుక్కతో వాహ్యాళికి బయలుదేరితే, ఎదురైనవారు కేకవేసి వెనుకకు గెంతుతారు. ఒకరు రాయి కోసం వంగుతారు. అపార్ట్‌మెంటు లిఫ్టు దగ్గర మరొకరు ముఖం చిట్లించి, "దీనిని మెట్ల మీదుగా తీసుకుపోరాదా?" అంటారు. బిడ్డలా సాకుతున్న ప్రాణిని ఈసడిస్తే యజమాని మనసు నొచ్చుకోవడం సహజం. అప్పుడు అతని నోట వెలువడే మాట ఒక్కటే: "మా కుక్క ఏమీ చేయదండీ!"

ఆ మాట నిజమే కావచ్చు. కాని ఆ నిజం తెలిసినది యజమానికి మాత్రమే. ఎదుటివారికి కనిపించేవి కోరలు. చిన్ననాడు కుక్కకాటుకు గురైనవారికి ఆ బాధ జీవితాంతం గుర్తుంటుంది. 1885లో లూయీ పాశ్చర్ రేబిస్ టీకాను తొలిసారిగా ఒక బాలునికి వేయించి కాపాడాడు. అయినా వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత బ్రతికి బయటపడటం నేటికీ అత్యంత అరుదు. కాబట్టి ఆ భయం ద్వేషం కాదు, ఆత్మరక్షణ.

భయాన్ని వాదంతో పోగొట్టలేము. నడవడితో మాత్రమే పోగొట్టగలము. గొలుసును దగ్గరగా పట్టుకొని పక్కకు తప్పుకోవడం, భయపడే పసివారో వృద్ధులో లిఫ్టులో ఉంటే తరువాతి లిఫ్టు కోసం ఆగడం, ఏటేటా టీకా వేయించడం, దారిలో అది చేసిన మలినాన్ని తానే ఎత్తివేయడం యజమాని కర్తవ్యాలు. పెంపుడు జంతువు వలన ఇతరులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదువేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

బాధ్యత ఒకవైపే ఉండదు. కుక్కను చూడగానే పరుగెత్తితే అది వెంటబడవచ్చు. దాని కళ్లలోకి తేరిపార చూడక, కదలక నిలబడి, "కాస్త దూరంగా పట్టుకోండి" అని యజమానిని మర్యాదగా కోరడం మేలు. రాయి విసిరితే శాంతంగా ఉన్న జంతువు కూడా తిరగబడవచ్చు. ప్రాణుల పట్ల కరుణ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది.

మహాప్రస్థానిక పర్వంలో, వెంట వచ్చిన కుక్కను విడిచి రథమెక్కమని ఇంద్రుడు ధర్మరాజును కోరతాడు. స్వర్గంలో కుక్కకు చోటులేదంటాడు. ధర్మరాజు కోపగించడు, కుక్కనూ విడువడు. నమ్మి వచ్చినదానిని వదలడం ధర్మం కాదని నెమ్మదిగా విన్నవిస్తాడు. ఆ కుక్కే యమధర్మరాజని చివరకు తేలుతుంది.

సరమ ప్రశ్న న్యాయమైనదే. అయితే "నా బిడ్డ తప్పు చేయలేదు" అని అనగలగాలంటే, ముందు ఆ తప్పు జరగకుండా చూసుకోవాలి. ధర్మరాజు ఓర్పును అలవరచుకొన్న యజమానికి సరమ ప్రశ్న అడగవలసిన అవసరం అరుదుగా కలుగుతుంది.