ఆటగాడు – అధికారి : అబ్దుల్ హఫీజ్ కార్దార్



ఈ నెల గోడపత్రికలో ఆటల పాఠం రాసే వంతు నాది. ముందు ఒక ప్రశ్న. భారతదేశానికీ, పాకిస్తాన్‌కూ కూడా టెస్టు మ్యాచ్‌లు ఆడినవాళ్ళు ఎంతమంది? ముగ్గురే. అమీర్ ఇలాహీ, గుల్ మహమ్మద్, అబ్దుల్ హఫీజ్ కార్దార్. వీరిలో కార్దార్ గారి గురించి చెబుతాను.

బాల్యము – చదువు

కార్దార్ గారు 1925 జనవరి 17న లాహోరులో పుట్టారు. అప్పటికి దేశం ఒక్కటే. ఎడమచేత్తో బ్యాటింగు, ఎడమచేత్తోనే బౌలింగు చేసేవారు. 1946లో భారత జట్టుతో ఇంగ్లాండు వెళ్ళి 3 టెస్టులు ఆడారు. తర్వాత అక్కడే ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. 1947లో దేశం రెండయింది. లాహోరు పాకిస్తాన్‌లోకి వెళ్ళింది. ఆయన పాకిస్తాన్ ఆటగాడయ్యారు.

కొత్త జట్టు

పాకిస్తాన్‌కు 1952లో టెస్టు హోదా వచ్చింది. మొదటి కెప్టెన్ కార్దార్ గారే. మొదటి టెస్టు 1952 అక్టోబరు 16న ఢిల్లీలో మొదలైంది. ఆ మ్యాచ్‌లో మన హైదరాబాదు ఆటగాడు గులాం అహ్మద్ చివరి బ్యాట్స్‌మన్‌గా దిగి 50 పరుగులు కొట్టాడు. అధికారితో కలిసి చివరి వికెట్టుకు 109 పరుగులు చేర్చాడు. పాకిస్తాన్ ఇన్నింగ్స్ 70 పరుగుల తేడాతో ఓడిపోయింది. అంటే వాళ్ళు రెండుసార్లు బ్యాటింగ్ చేసినా మనవాళ్ళు ఒక్కసారి కొట్టినన్ని పరుగులు రాలేదన్నమాట.

నేను ఆరో తరగతిలో చేరినప్పుడు నాకు కోయ మాటలే తెలుసు, తెలుగు సరిగా రాదు. మొదటి యూనిట్ టెస్టులో 25కి 4 మార్కులొచ్చాయి. మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదలు. ఇక ఇంటికి పోదామనుకున్నాను. మొదటి టెస్టులోనే అంత ఘోరంగా ఓడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

వారం తిరిగేసరికి, అక్టోబరు 23న లక్నోలో రెండో టెస్టు మొదలైంది. నజర్ మహమ్మద్ చివరిదాకా అవుటవకుండా 124 కొట్టాడు. ఫజల్ మహమూద్ 12 వికెట్లు తీశాడు. ఈసారి పాకిస్తానే ఇన్నింగ్స్ 43 పరుగులతో గెలిచింది. మొత్తం సిరీస్ మాత్రం 2–1తో మనదే.

1954లో ఇంగ్లాండులోని ఓవల్‌లో మరో గెలుపు. ఇంగ్లాండుకు 168 పరుగులు కావాలి. 143కే అందరూ అవుట్! ఇంగ్లాండుకు మొదటిసారి వచ్చి టెస్టు గెలిచిన మొదటి దేశం పాకిస్తానే.

లెక్క చూద్దాం

కెప్టెన్‌గా ఆడిన టెస్టులు 23. గెలిచినవి 6, ఓడినవి 6, డ్రా 11. తమతో ఆడిన ఐదు దేశాలనూ (భారత్, ఇంగ్లాండు, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, వెస్టిండీస్) ఒక్కసారైనా ఓడించారు. ఆయన సొంత పరుగులు 26 టెస్టుల్లో 927. ఎక్కువ స్కోరు 93. సెంచరీ ఒక్కటీ లేదు! అయినా గొప్ప కెప్టెన్ అంటారు. ఎందుకంటే కొత్తోళ్ళకు 'మనమూ గెలవగలం' అని ధైర్యం నేర్పారు.

అధికారిగా

1972 నుండి 1977 వరకు ఆయన పాకిస్తాన్ క్రికెట్ బోర్డు అధ్యక్షులు. బ్యాంకులు, కంపెనీలు సొంత జట్లు పెట్టేలా చేశారు. దానివల్ల ఆటగాళ్ళకు ఉద్యోగం, జీతం దొరికాయి. అంతర్జాతీయ సంఘంలో అప్పుడు ఇంగ్లాండు, ఆస్ట్రేలియాలకు వీటో ఉండేది. అంటే అందరూ సరే అన్నా వాళ్ళలో ఒకరు కాదంటే ఆగిపోవడమే. ఇది అన్యాయం అని ఆయన వాదించారు. ఆ వీటో 1993లో పోయింది.

కానీ ఇంకో సంగతి కూడా రాయాలి. 1976లో ఆయన సొంత ఆటగాళ్ళే డబ్బులు పెంచమని అడిగారు. ఆయన పట్టుదలకు పోయారు. తగవు పెద్దదై ప్రభుత్వం కలగజేసుకుంది. 1977లో ఆయన బోర్డు వదిలేశారు. 1996 ఏప్రిల్ 21న చనిపోయారు.

మనం నేర్చుకోవలసినది

పెద్ద దేశాలను న్యాయం అడిగిన మనిషే, తన కింద ఉన్నవాళ్ళు అడిగితే వినలేదు. ఇది చదివి నేను చాలాసేపు ఆలోచించాను. ఎందుకంటే మన ఆటల గది తాళంచెవి నా దగ్గరే ఉంది. పోయిన నెల ఆరో తరగతి చెల్లెళ్ళు వాలీబాల్ అడిగితే "పెద్దయ్యాక ఆడుదురులే" అని తరిమేశాను. నేను ఆరులో ఉన్నప్పుడు నన్నూ అక్కలు అట్లాగే అంటే ఏడ్చాను. ఆ సంగతే మర్చిపోయాను. చెల్లెళ్ళూ, తప్పు నాదే.

వార్డెన్ మేడం గారిని అడిగాను, ఒప్పుకున్నారు. ఇకనుండి సోమవారం, గురువారం సాయంత్రం బంతి ఆరు, ఏడు తరగతులదే. నేను మర్చిపోతే గట్టిగా అడగండి.

ప్రశ్నలు (జవాబులు పాఠంలోనే ఉన్నాయి)
1. ఓవల్‌లో ఇంగ్లాండు ఎన్ని పరుగుల తేడాతో ఓడింది? తీసివేత చేసేటప్పుడు జాగ్రత్త! గెలవడానికి 168 కావాలంటే, 167 కొడితే స్కోర్లు సమానం.
2. వీటో అంటే ఏమిటి?

తప్పులుంటే మన్నించండి.

– తొమ్మిదో తరగతి, ఆటల లీడర్